గుజరాత్‌లో వద్దన్నారు.. కొవ్వాడకు వచ్చింది! అణు విద్యుత్‌పై ఊళ్ల పోరాటం అసలు దేనికి?

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడ. ముందు సముద్రం, వెనక తోటలు, పొలాలు. ఈ తీరంలో ఆరు అణు రియాక్టర్లు పెట్టాలన్నది కేంద్రం ప్లాన్. ఒక్కోటి 1,208 మెగావాట్లు. ఆరూ కలిపితే 7,248 మెగావాట్లు. దేశంలో ఇప్పుడు నడుస్తున్న అణు విద్యుత్ కేంద్రాలన్నీ కలిపినా సామర్థ్యం దాదాపు 8,800 మెగావాట్లే. అంటే దేశం మొత్తానికి ఉన్నంత కరెంటుకు కాస్త తక్కువ, ఈ ఒక్కచోటే ఉత్పత్తి చేయాలనుకుంటున్నారన్నమాట.

అయితే ఇక్కడో ట్విస్ట్ ఉంది. ఈ రియాక్టర్లు మొదట కొవ్వాడ కోసం అనుకున్నవి కావు.

మరి ఎవరి కోసం? ఎందుకు ఇటు వచ్చాయి? పదేళ్లు దాటినా ఒక్క రియాక్టర్‌కు కూడా పునాది ఎందుకు పడలేదు? అణు కేంద్రాలు వద్దంటున్న ఊళ్ల వాళ్లు అభివృద్ధికి అడ్డం పడుతున్నారా, లేక మనం అడగాల్సిన ప్రశ్నలే వాళ్లు ముందుగా అడుగుతున్నారా? ఒక్కొక్కటిగా చూద్దాం.

భావ్‌నగర్ టు శ్రీకాకుళం

2008లో భారత్, అమెరికా మధ్య అణు ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత అమెరికా కంపెనీల రియాక్టర్ల కోసం కేంద్రం రెండు చోట్లను ఎంపిక చేసింది. ఒకటి గుజరాత్‌లోని భావ్‌నగర్ జిల్లా మీఠీ విర్దీ. రెండోది మన కొవ్వాడ. మీఠీ విర్దీ వెస్టింగ్‌హౌస్ కంపెనీకి, కొవ్వాడ జీఈ హిటాచీ కంపెనీకి అనుకున్నారు.

మీఠీ విర్దీ చుట్టుపక్కల మామిడి తోటలు, పత్తి, వేరుశనగ పండే నేల. అక్కడి రైతులు మొదటి నుంచీ ఒప్పుకోలేదు. 2013 మార్చి 5న పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే, వేల మంది వచ్చారు. వచ్చినట్టే వచ్చి, ఈ సభే చెల్లదంటూ మూకుమ్మడిగా లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత కూడా భూమి ఇవ్వలేదు. ఏళ్లు గడిచాయి. చివరికి 2016లో కేంద్రం రూటు మార్చింది. గుజరాత్‌లో భూసేకరణ ఆలస్యమవుతోందని చెప్పి, వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఆరింటినీ ఆంధ్రప్రదేశ్‌కు మళ్లించింది. ఆ ఏడాది జూన్‌లో మోదీ, ఒబామా విడుదల చేసిన సంయుక్త ప్రకటనలో 'ఆంధ్రప్రదేశ్‌లో స్థలం' అన్న మాట ఉంది. ఆ స్థలం కొవ్వాడే.

మరి కొవ్వాడకు ముందే అనుకున్న జీఈ ఏమైంది? ఆ కంపెనీ తనంతట తానే వెనక్కి తగ్గింది. ప్రమాదం జరిగితే రియాక్టర్ అమ్మిన కంపెనీపై కూడా బాధ్యత పడే చట్టం భారత్‌లో ఉందని, ఆ రిస్క్ తీసుకోలేమని జీఈ పెద్దలు 2015లో బహిరంగంగానే చెప్పారు.

ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. రియాక్టర్ తయారుచేసే కంపెనీయే ప్రమాదం భారం మొయ్యలేనంది. మీఠీ విర్దీ రైతులు భూమి ఇవ్వలేమన్నారు. కంపెనీ వద్దంటే దాన్ని వ్యాపార నిర్ణయం అన్నారు. రైతులు వద్దంటే అభివృద్ధికి వ్యతిరేకం అన్నారు.

ఇంకో విషయం. మీఠీ విర్దీ రైతులు గెలిచారు, నిజమే. కానీ అణు కేంద్రం రద్దు కాలేదు. ఒక ఊరి గుమ్మం దిగి ఇంకో ఊరి గుమ్మం ఎక్కింది. ఒక్క ఊరు ఒంటరిగా పోరాడితే జరిగేది చాలాసార్లు ఇదే.

ప్రభుత్వం ఏమంటోంది?

ప్రభుత్వ వాదన కూడా తేలికగా కొట్టిపారేసేది కాదు. దేశంలో కరెంటు వాడకం ఏటేటా పెరుగుతోంది. ఇప్పటికీ ఎక్కువ కరెంటు బొగ్గు నుంచే వస్తోంది. బొగ్గు మండితే పొగ, బూడిద, భూమి వేడెక్కడం. సోలార్ పగలే ఇస్తుంది, గాలి ఎప్పుడు వీస్తే అప్పుడే. అణు కేంద్రం మాత్రం పగలూ రాత్రీ ఒకే తీరుగా నడుస్తుంది, కర్బన ఉద్గారాలు చాలా తక్కువ. అందుకే 2047 నాటికి లక్ష మెగావాట్ల అణు విద్యుత్ అన్న టార్గెట్‌ను 2025 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. చిన్న రియాక్టర్ల పరిశోధన కోసం రూ.20 వేల కోట్లు కూడా కేటాయించారు.

8,800 నుంచి లక్షకు. అంటే 22 ఏళ్లలో పదకొండు రెట్లు. ఇందుకోసం కొత్త తీరాలు, కొత్త నదీ తీరాలు, కొత్త యురేనియం గనులు కావాలి. అవన్నీ ఎవరో ఒకరి ఊళ్లే. కొవ్వాడ కథ కొవ్వాడతో ఆగదు అనేది ఇందుకే.

పట్టా లేని పొలం.. సముద్రం

కొవ్వాడ ప్రాజెక్టు కోసం అనుకున్న భూమి దాదాపు 2 వేల ఎకరాలు. కొవ్వాడతో పాటు రామచంద్రాపురం, గూడెం, కోటపాలెం, టెక్కలి ఊళ్ల పేర్లు ఈ జాబితాలో ఉన్నాయి. (ఇక్కడ టెక్కలి అంటే నియోజకవర్గం ఉన్న టెక్కలి కాదు, రణస్థలం దగ్గరి చిన్న ఊరు.) పొలం ఉన్నవాళ్లకు పరిహారం లెక్క ఉంటుంది. ఎకరాకు ఇంత అని బేరం ఉంటుంది, కోర్టు ఉంటుంది. ఆ లెక్కతో అందరూ సంతృప్తి పడ్డారని కాదు. కనీసం లెక్క అంటూ ఒకటి ఉంది.

వేటకు వెళ్లేవాళ్ల సంగతి వేరు. సముద్రానికి పట్టా ఉండదు. ఏ సర్వే నంబర్‌లో ఎవరు వల వేశారో ఏ రికార్డులోనూ ఉండదు. 2013 భూసేకరణ చట్టం ఈ విషయంలో కొంత నయం. భూసేకరణ వల్ల జీవనోపాధి దెబ్బతింటే, నీటి వనరుల మీద మూడేళ్లుగా బతుకుతున్న మత్స్యకార కుటుంబాలను కూడా బాధిత కుటుంబాలుగానే చూడాలని చెప్తుంది. కానీ అదే చట్టంలో పునరావాసం దగ్గరికి వచ్చేసరికి, చేపల వేట హక్కు గురించి ఉన్న మాట రిజర్వాయర్లకే పరిమితం. అంటే డ్యామ్ కడితే ఆ నీటిలో చేపలు పట్టుకోవచ్చు. తీరంలో అణు కేంద్రం కడితే? ఆ పేజీలో దానికి జవాబు లేదు.

నిర్వాసితుల కోసం ఎచ్చెర్ల మండలం ధర్మవరం వైపు కాలనీ కట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. పక్కా ఇల్లు, రోడ్డు, నల్లా, అన్నీ ఇస్తామన్నారనే అనుకుందాం. తెల్లవారుజామున అలల తీరు చూసి పడవ దింపాలా వద్దా అని నిర్ణయించుకునే మనిషికి, సముద్రం కనపడని చోట ఇల్లు కడితే ఆ పని ఎలా సాగుతుంది? పడవ ఎక్కడ పెట్టాలి, వల ఎక్కడ ఆరబెట్టాలి, చేపలు అమ్మే ఆడవాళ్లు రోజూ ఎంత దూరం తిరగాలి? ప్యాకేజీ కాగితాల్లో ఈ ప్రశ్నలకు చోటు ఉండదు.

'తండేల్' సినిమా చూశారుగా?

2025 ఫిబ్రవరిలో వచ్చిన నాగచైతన్య సినిమా 'తండేల్' చాలామంది చూసే ఉంటారు. శ్రీకాకుళం జాలర్లు గుజరాత్ వెళ్లి, అక్కడి బోట్లలో పనిచేస్తూ పాకిస్థాన్ జలాల్లోకి వెళ్లి చిక్కుకుపోయిన కథ. అది నిజంగా జరిగిందే. 2018 నవంబరులో పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారుల్లో చాలామంది పాక్ జైల్లో ఏడాదికి పైగా ఉండి, 2020 జనవరిలో తిరిగొచ్చారు.

సినిమా అయిపోయాక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇంటి ముందే సముద్రం ఉన్నవాళ్లు గుజరాత్ దాకా వేటకు ఎందుకు వెళ్తున్నారు? సొంత తీరంలో వేట గిట్టుబాటు కాకే. రణస్థలం మండలంలోనే పైడిభీమవరం పారిశ్రామికవాడ ఉంది. ఫార్మా కంపెనీల వ్యర్థ జలాల వల్ల చేప తగ్గిపోయిందని ఇక్కడి మత్స్యకారులు ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ఇప్పుడు అణు కేంద్రం కూడా వస్తే మిగిలిన వేట కూడా పోతుందన్నది వాళ్ల భయం.

ఆ భయం అర్థం లేనిదా? చిన్న లెక్క చూద్దాం. అణు రియాక్టర్ తయారుచేసే వేడిలో మూడో వంతే కరెంటు అవుతుంది. మిగతా రెండు వంతుల వేడి బయటికి పోవాల్సిందే. కొవ్వాడకు అనుకున్న ఏపీ1000 రియాక్టర్ ఒక్కోటి దాదాపు 3,400 మెగావాట్ల వేడిని పుట్టిస్తుంది. కరెంటుగా మారింది పోను 2,200 మెగావాట్ల వేడి మిగులుతుంది. దాన్ని సముద్రపు నీటితోనే నేరుగా చల్లారిస్తే ఒక్క రియాక్టర్‌కే సెకనుకు 70 నుంచి 80 ఘనపు మీటర్ల నీళ్లు తోడాలి. అంటే సెకనుకు 70 వేల లీటర్లకు పైనే. ఆరింటికి ఎంతో మీరే వేసుకోండి. ఆ నీళ్లను మామూలు కంటే 7 డిగ్రీల వరకు ఎక్కువ వేడితో తిరిగి సముద్రంలోకి వదలడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. తోడేటప్పుడు చేప గుడ్లు, పిల్లలు నీళ్లతో పాటు లోపలికి పోతాయి. వదిలిన చోట నీళ్లు వేడెక్కుతాయి. ఇది రేడియేషన్ గోల కాదు, ప్రమాదం జరిగితే అన్న మాట కూడా కాదు. అంతా సవ్యంగా నడుస్తున్నప్పుడు, ప్రతిరోజూ జరిగేదే. కూలింగ్ టవర్లు కడితే ఇది తగ్గుతుంది. కాకపోతే ఖర్చు పెరుగుతుంది.

16 కిలోమీటర్ల గీత

అణు ఇంధన నియంత్రణ బోర్డు నిబంధనల ప్రకారం రియాక్టర్ చుట్టూ కనీసం కిలోమీటరు మేర ఎవరూ ఉండకూడదు. 5 కిలోమీటర్ల వరకు జనాభా పెద్దగా పెరగకుండా చూడాలి. 16 కిలోమీటర్ల వరకు ఎమర్జెన్సీ ప్లాన్ ఉండాలి. అంటే ఎప్పుడైనా ఊళ్లు ఖాళీ చేయించాల్సి వస్తే ఎవర్ని, ఏ రోడ్డు మీద, ఎక్కడికి తీసుకెళ్లాలో ముందే రాసి పెట్టుకోవాలి.

కాగితం మీద బాగానే ఉంది. ఉత్తరాంధ్ర తీరం మాత్రం తుఫాన్ల తీరం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో చూశాం. 2018 అక్టోబరులో తిత్లీ ఇదే శ్రీకాకుళం జిల్లాను కుదిపేసింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు నేలకొరిగి, రోడ్లు మూసుకుపోయి, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రాత్రి ఎమర్జెన్సీ ప్లాన్ ఎలా అమలవుతుందన్నది గ్రామస్థుల ప్రశ్న.

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో జరిగింది కూడా ఇలాంటిదే. భూకంపానికి బయటి కరెంటు పోయింది. సునామీకి జనరేటర్లు మునిగిపోయాయి. చల్లార్చే పంపులు ఆగిపోయాయి. మూడు రియాక్టర్ల లోపలి ఇంధనం కరిగిపోయింది. చుట్టూ 20 కిలోమీటర్లు ఖాళీ చేయించారు. లక్షన్నర మందికి పైగా ఇళ్లు వదిలారు.

ఏపీ1000 డిజైన్‌లో ఈ సమస్యకు ఒక పరిష్కారం ఉందని చెప్పాలి. కరెంటు పూర్తిగా పోయినా, పైన ట్యాంకుల్లో ఉన్న నీళ్లు వాటంతట అవే దిగి 72 గంటల పాటు రియాక్టర్‌ను చల్లారుస్తాయి. పాత రియాక్టర్ల కంటే ఇది మెరుగే. అయితే మూడు రోజుల తర్వాత బయటి నుంచి సాయం అందాలి. తిత్లీ వచ్చినప్పుడు మూడో రోజుకు ఎన్ని ఊళ్లకు రోడ్డు తెరుచుకుందో ఉద్దానం వాళ్లను అడిగితే చెప్తారు.

కరెంటు బిల్లు మాటేంటి?

ఇది ఒక్క తీరం ఊళ్ల సమస్యే అనుకునేవాళ్లకు ఈ లెక్క. కొవ్వాడకు అనుకున్న ఇవే ఏపీ1000 రియాక్టర్లను అమెరికాలో రెండు చోట్ల మొదలుపెట్టారు. జార్జియా రాష్ట్రంలోని వోగ్టిల్‌లో రెండు కడితే, 14 బిలియన్ డాలర్లన్న అంచనా 30 బిలియన్లు దాటింది. అనుకున్న దానికంటే ఏడేళ్లు ఆలస్యంగా 2023లో ఒకటి, 2024లో ఇంకోటి మొదలయ్యాయి. పక్కనే సౌత్ కరోలినాలో దాదాపు 9 బిలియన్ డాలర్లు ఖర్చుపెట్టాక 2017లో పని మధ్యలోనే ఆపేశారు. అక్కడి జనం, రాని కరెంటుకు బిల్లుల్లో డబ్బు కట్టారు. అదే 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. కొవ్వాడ ఫైలు నత్తనడక నడవడానికి ఇదీ ఒక కారణం. చైనాలో మాత్రం ఇవే రియాక్టర్లు నాలుగు 2018 నుంచి ఒక్కొక్కటిగా మొదలై నడుస్తున్నాయి. అవీ ఆలస్యంగానే వచ్చాయి.

కేంద్ర ఇంధన శాఖ కార్యదర్శిగా పనిచేసి, విశాఖలో ఉంటున్న ఈఏఎస్ శర్మ కొవ్వాడ విషయంలో ఏళ్లుగా ప్రభుత్వాలకు లేఖలు రాస్తున్నారు. కరెంటు శాఖను లోపలి నుంచి చూసిన మనిషి ఆయన. ఊళ్ల వాళ్లకు సైన్స్ తెలియక వద్దంటున్నారన్న మాట ఆయన విషయంలో చెల్లదు.

ప్రమాదం జరిగితే డబ్బు ఎవరు కడతారు?

మొత్తం గొడవలో అసలు కీలకం ఇదే. జనం ఎక్కువగా పట్టించుకోనిది కూడా ఇదే.

2010లో పార్లమెంటు చేసిన అణు నష్ట బాధ్యత చట్టంలో ఒక సెక్షన్ ఉండేది. రియాక్టర్‌లో లోపం వల్ల ప్రమాదం జరిగితే, పరిహారం కట్టిన ఆపరేటర్ ఆ డబ్బును లోపభూయిష్టమైన సామాన్లు అమ్మిన కంపెనీ నుంచి రాబట్టుకోవచ్చు. భోపాల్ గ్యాస్ విషాదం గుర్తుండబట్టే ఈ సెక్షన్ పెట్టారు. అమెరికా కంపెనీలు దీన్నే వద్దన్నాయి. జీఈ వెనక్కి తగ్గింది ఇందుకే.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టాన్ని పక్కనపెట్టి 'శాంతి' చట్టాన్ని ఆమోదించింది. పేరు బాగుంది. అణు విద్యుత్‌లోకి ప్రైవేటు కంపెనీలకు ద్వారాలు తెరిచింది. సరఫరాదారుపై ఆ పాత సెక్షన్ మాయమైంది. కాంట్రాక్టులో ముందే రాసుకుంటేనో, కావాలని నష్టం చేస్తేనో తప్ప రియాక్టర్ అమ్మిన కంపెనీని అడగడానికి లేదు.

ఆపరేటర్ కట్టాల్సిన మొత్తానికి రియాక్టర్ సైజును బట్టి పరిమితి పెట్టారు. 3,600 మెగావాట్లకు మించిన వేడి పుట్టించే రియాక్టర్‌కు రూ.3,000 కోట్లు. అంతకంటే కింది శ్రేణికి రూ.1,500 కోట్లు. ఏపీ1000 పుట్టించే వేడి ఎంతో పైన చెప్పుకున్నాం, దాదాపు 3,400. అంటే రెండో శ్రేణి, రూ.1,500 కోట్లు. 2010 చట్టంలో ఉన్న పరిమితి కూడా ఇదే. పదిహేనేళ్లలో ధరలన్నీ పెరిగాయి గానీ ఇది పెరగలేదు. ఆ పైన ఇంకొంత కేంద్రం భరిస్తుంది, దానికీ ఒక గీత ఉంది.

ఫుకుషిమా శుభ్రం చేయడానికి, పరిహారాలకు 21.5 ట్రిలియన్ యెన్లు అవుతుందని జపాన్ ప్రభుత్వం 2016లో అంచనా వేసింది. మన లెక్కలో సుమారు 12 లక్షల కోట్ల రూపాయలు. పక్కన 1,500 కోట్లు పెట్టి చూడండి.

ఆలస్యమైతే ఏమవుతుంది? కూడంకుళం చెప్తుంది

తమిళనాడులోని కూడంకుళం ప్రాజెక్టుపై 1988లోనే సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 2002లో నిర్మాణం మొదలైంది. వ్యతిరేకత అప్పట్నుంచే ఉన్నా, అది ఉప్పెనలా లేచింది మాత్రం 2011లో, ఫుకుషిమా తర్వాత. ఇడిందకరై అనే జాలర్ల ఊరు కేంద్రంగా నెలల తరబడి దీక్షలు జరిగాయి. ఆడవాళ్లే ముందు నిలబడ్డారు. సముద్రంలో నడుం లోతు నీళ్లలో నిలబడి నిరసన తెలిపారు. 2012 సెప్టెంబరులో పోలీసు కాల్పుల్లో ఒక మత్స్యకారుడు చనిపోయారు. వేల మందిపై రాజద్రోహం కేసులు పెట్టారు. వల వేసుకునే వాళ్ల మీద, బీడీలు చుట్టుకునే వాళ్ల మీద రాజద్రోహం!

2013 మేలో సుప్రీంకోర్టు 15 సూచనలు చేస్తూ ప్లాంటుకు పచ్చజెండా ఊపింది. అదే ఏడాది అక్టోబరులో కరెంటు మొదలైంది. అంత పెద్ద ఉద్యమం కూడా ఆపలేకపోవడానికి ఒక కారణం సూటిగా కనిపిస్తోంది. అప్పటికే రియాక్టర్ కట్టడం దాదాపు అయిపోయింది. వేల కోట్లు కాంక్రీటులో పోశారు.

అదే పశ్చిమ బెంగాల్‌లోని హరిపూర్ చూడండి. భూమి చేతులు మారకముందే జాలర్లు, రైతులు అడ్డుకున్నారు. 2011లో కొత్తగా వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం వద్దనేసింది. మహారాష్ట్రలోని జైతాపూర్‌లో 9,900 మెగావాట్ల ప్లాన్. 2011 ఏప్రిల్‌లో పోలీసు కాల్పుల్లో ఒక ప్రాణం పోయింది. అక్కడ భూమి తీసుకున్నారు, ప్లాంటు మాత్రం ఇప్పటికీ రాలేదు.

కొవ్వాడ పరిస్థితి జైతాపూర్‌కు దగ్గర. ఫలానా చోట ప్రాజెక్టు వస్తుందని ప్రకటించాక ఆ ఊళ్లో ఏం జరుగుతుంది? కొత్త ఇల్లు కట్టాలంటే కట్టబుద్ధి కాదు, ఎలాగూ పోయేదే కదా అనిపిస్తుంది. పొలం అమ్ముదామంటే కొనేవాడు రాడు. పిల్ల పెళ్లికి అప్పు పుట్టదు. ప్లాంటు రాలేదు కాబట్టి ఉద్యోగమూ లేదు. కొందరు ఇక చాలు, పరిహారం ఇచ్చేస్తే వెళ్లిపోతామనే దాకా వస్తారు. దాన్ని అంగీకారం అని రాసుకుంటారు. విసుగుకూ ఒప్పుకోలుకూ తేడా ఉంది.

శ్రీకాకుళం జిల్లాకు పోరాటం కొత్తేం కాదు. 2010 జులైలో సోంపేట బీల భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దన్నవాళ్లపై కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ అదే. రెండు చోట్లా ప్రాణాలు పోయాయి. సోంపేటలో ప్లాంటు రాలేదు, బీల మిగిలింది.

మొదలు ఎక్కడ? నల్లమలలో, కప్పట్రాళ్లలో

రియాక్టర్ తీరంలో ఉన్నా దానికి కావాల్సిన యురేనియం గనుల్లోంచి రావాలి. లక్ష మెగావాట్ల టార్గెట్ అంటే తవ్వకాలూ పెరగాలి. కొవ్వాడకు అమెరికా రియాక్టర్లతో పాటు ఇంధనం బయటి నుంచే రావొచ్చు గానీ, స్వదేశీ యురేనియం కోసం వెతుకులాట తెలుగు రాష్ట్రాల్లో ఎప్పుడూ ఆగలేదు.

2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం అన్వేషణ మాట బయటికొచ్చింది. చెంచు పెంటల నుంచి మొదలైన నిరసన 'సేవ్ నల్లమల'గా ఫోన్లన్నీ చుట్టేసింది. సినిమా వాళ్లు పోస్టులు పెట్టారు, పవన్ కల్యాణ్ అఖిలపక్ష సమావేశం పెట్టారు. సెప్టెంబరులో తెలంగాణ అసెంబ్లీ ఏకగ్రీవంగా వద్దని తీర్మానం చేసింది.

2024 నవంబరులో కర్నూలు జిల్లా కప్పట్రాళ్ల వంతు. అడవిలో 68 బోర్లు వేసి పరీక్షిస్తామన్న ప్రతిపాదనపై చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. పరీక్షలే కదా అని అధికారులు చెప్పినా వినలేదు. కొద్దిరోజుల్లోనే సీఎం చంద్రబాబు ఆపేయమని ఆదేశించారు. ఆ ఊళ్ల వాళ్లకు అంత భయం ఎక్కడిది? కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి. అక్కడ యురేనియం గని, శుద్ధి కర్మాగారం వచ్చాక బోరు నీళ్లు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని మబ్బుచింతలపల్లె, కేకే కొట్టాల రైతులు ఏళ్లుగా ఆరోపిస్తున్నారు. యురేనియం కార్పొరేషన్ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. ఎవరు చెప్పేది నిజమో ఊరికి నమ్మకం కలిగేలా తేల్చి చెప్పకపోతే పక్క జిల్లా వాళ్లు మొదటి బోరు దగ్గరే అడ్డం పడతారు. అందులో తప్పేముంది?

గమనించారా, నల్లమలకు, కప్పట్రాళ్లకు దొరికిన మద్దతు కొవ్వాడకు దొరకలేదు. అడవి, పులి అంటే హైదరాబాద్‌లో ఉన్నవాళ్ల మనసూ కదిలింది. జాలర్ల ఊరు, ఇసుక తీరం, భూసేకరణ ఫైలు అంటే ఎవరూ పెద్దగా షేర్ చేయరు.

ఇప్పుడు ఏం చేయొచ్చు?

2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం అణు విద్యుత్ కేంద్రానికి ముసాయిదా నివేదిక తయారుచేసి ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. దాని సారాంశం తెలుగులోనూ ఉండాలి. కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ మొత్తం వీడియో తీయాలి. చెప్పిన మాటలను చివర్లో స్థానిక భాషలో చదివి వినిపించాలి. యురేనియం లాంటి ఖనిజాల గనులకైతే ఈ సభ అక్కర్లేదని కేంద్ర పర్యావరణ శాఖ 2025 సెప్టెంబరులో మినహాయించేసింది. కప్పట్రాళ్ల లాంటి ఊళ్లకు ఇది చేదు వార్త.

అణు కేంద్రాల సభలో ఇంకో చిక్కుంది. దానికి కోరం ఉండదు. అంటే పది మంది వచ్చినా సభ జరిగినట్టే లెక్క. మీఠీ విర్దీ వాళ్లలా అందరూ కలిసి లేచి వెళ్లిపోవడం ఒక దారి. కానీ ఊళ్లో చీలికలుంటే ఆ దారి బెడిసికొడుతుంది. మిగిలిన నలుగురి మాటే రికార్డులోకి వెళ్తుంది. లోపల కూర్చుని వేడి నీళ్ల లెక్క, తుఫాను రాత్రి రోడ్డు మ్యాప్, వేట పోతే కుటుంబానికి ఇచ్చేదేంటన్నది ఒక్కొక్కటిగా అడిగి రాయించడం ఇంకో దారి. అలా రాయించిన ప్రతి అభ్యంతరానికీ తుది నివేదికలో జవాబు చెప్పాల్సి ఉంటుంది.

చాలామందికి తెలియని విషయం, అభ్యంతరం చెప్పడానికి ఆ ఊరివాళ్లే కానక్కర్లేదు. ప్రాజెక్టు పర్యావరణ ప్రభావంతో సంబంధం ఉందని చూపించగలిగిన ఎవరైనా రాతపూర్వకంగా పంపొచ్చు. విశాఖలో చేపలు అమ్మేవాళ్లు, కరెంటు బిల్లుల లెక్క తెలిసిన ఇంజినీరు, గుజరాత్ బోట్లలో పనిచేస్తూ ఊరికి డబ్బు పంపే శ్రీకాకుళం కుర్రాడు కూడా. తెలుగులోనే రాయొచ్చు. నోటీసు వచ్చాక ఉండేది నెల రోజులే.